చెఱువుల కాపుదల: ఆంధ్రదేశమున గ్రామసంఘముల చరిత్రము

ఆంధ్రదేశమున చెఱువు గట్టించినవారి పేరులు శిలలమీద నిలిచియున్నవి. ఆ చెఱువులను నూఱేండ్లు, ఇన్నూఱేండ్లు కాచినవారి పేరులు మాత్రము చాలవఱకు నిలువలేదు. పాకాల, రామప్ప, లక్నవరము మొదలగు తటాకములను దలచినపుడు కాకతీయ ప్రభువులును వారి సామంతులును జ్ఞప్తికి వత్తురు. బయ్యారపు చెఱువు గట్టించిన మైలాంబను ఆమె శాసనము చిరంజీవినిగా జేసినది. కాని కట్ట యనునది ఒకనాటి పని గాదు. ప్రతి వర్షాకాలమునకు ముందు తూము చూడవలయును. కట్టమీద మొలచిన చెట్లను పెఱుకవలయును. ఎలుకలును ఎండ్రకాయలును చేసిన బొక్కలను మూయవలయును. వాగులు తెచ్చిన యొండ్రును దీసివేయవలయును. అలుగు పాఱునపుడు రాత్రులు కావలి యుండవలయును. ఈ పనులు కొన్నియేండ్లు నిలిచినచో రాజు వెచ్చించిన ధనమంతయు నీటిపాలగును. వీనిని జేసినవారెవరు? ఏ కట్టుబాటుచే జేసిరి? ఆ కట్టుబాటు ఎట్లు సడలినది? దానికి మాఱుగా ఇటీవలి కాలమున పౌరసంఘములు ఎట్టి రూపమున దలయెత్తినవి? ఈ విషయమే యిచట విచారింపబడుచున్నది.

జలాశయములను గూర్చిన భావన మన వాఙ్మయమున మిక్కిలి ప్రాచీనమైనది. భారతమున సభాపర్వమందు నారదుడు ధర్మరాజును రాజ్యక్షేమము నడుగుచు, రాష్ట్రమున పెద్దవియు నిండినవియునైన తటాకములు తగినచోట్ల నున్నవా, కృషి కేవలము వానపై నాధారపడియుండుట లేదు గదా యని ప్రశ్నించును. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున రాజనీతిని జెప్పుచు, దేశము చిన్నదైనను చెఱువులు కాలువలు త్రవ్వించి, పేదరైతుకు పన్నున సడలింపు నొసగినచో అర్థధర్మములు రెండును వృద్ధినొందునని యుపదేశించెను. సప్తసంతానములలో తటాకమునకు పుత్రునితోను, కృతితోను, దేవాలయముతోను సమానమైన స్థానము లభించినది. ఇవన్నియు రాజునకో, పుణ్యకామునకో చెప్పిన మాటలు. పదిమంది కూడి చేయు పనిని గూర్చి సూటిగా మాటలాడినవాడు కౌటిల్యుడు. కొందఱు కలసి సేతుబంధము జేయునపుడు దానినుండి తప్పుకొన్నవాని పనివారును ఎద్దులును ఆ పని చేయవలయుననియు, వాడు వ్యయమున భాగస్వామి యగునే గాని ఫలమున భాగము పొందడనియు అర్థశాస్త్రము రెండవ యధికరణమున విధించెను. క్రొత్తగా చెఱువు గట్టినవారికి ఐదేండ్లును, తెగి విడువబడినదానిని బాగుచేసినవారికి నాలుగేండ్లును, గడ్డి గాదము పెరిగినదానిని శుభ్రము చేసినవారికి మూడేండ్లును పన్ను మినహాయించవలయునని మూడవ యధికరణమున గలదు. పాడుపడినదానిని బాగుచేయుట నూతన నిర్మాణముతో నించుమించు సమముగా గణింపబడుట గమనింపదగినది. తరువాతి దాతలు ఈ లెక్కను చాలవఱకు మఱచిరి. క్రొత్త చెఱువునకు వచ్చు కీర్తి పాత చెఱువు పూడికతీతకు రాదు.

చెఱువు నిర్మాణశాస్త్రమునకు ఆంధ్రదేశమున లభించిన యాధారములలో తలమానికము పోరుమామిళ్ళ శాసనము. కడప మండలమున పోరుమామిళ్ళయందు భైరవాలయము నెదుట రెండు శిలాఫలకములపై నిది చెక్కబడియున్నది. శాలివాహన శకము 1291, అనగా క్రీస్తుశకము 1369. మొదటి బుక్కరాయల కుమారుడు, భవదూరుడను నామాంతరముగల భాస్కరుడు ఉదయగిరిని పాలించుచు ఈ తటాకమును నిర్మించి దానికి అనంతరాజసాగరమని పేరిడెను. వేయిమంది పనివారు, నూఱు బండ్లు, రెండేండ్ల కాలము దీనికి బట్టినవి. కట్ట నిడివి 5,000 రేఖాదండములు, వెడల్పు 8, ఎత్తు 7. ధనధాన్యముల వ్యయమునకు లెక్కలేదని శాసనకర్త చెప్పి యూరకుండెను.

ఈ శాసనమున చెఱువునకు వలసిన పండ్రెండంగములును, వర్జింపవలసిన ఆఱు దోషములును పేర్కొనబడినవి. ధర్మపరుడును ధనవంతుడును కీర్తికాముడునగు రాజు, జలశాస్త్రము నెఱిగిన విద్వాంసుడు, గట్టిమన్నుగల నేల, మూడు యోజనముల దూరమునుండి తీయనినీరు దెచ్చు నది, దానితో నంటియున్న కొండ, ఆ కొండపాయల నడుమ మిక్కిలి నిడివిగాక దృఢముగా రాతితో గట్టిన కట్ట, సాగుభూములకు పెడగానున్న రెండు కొనలు, విశాలమై లోతైన గర్భము, పొడవైన తిన్ననిరాళ్ళు దొరకు గని, చుట్టును సమతలమై పండు పొలములు, కొండయునికివలన సుడులు దిరుగుచు వడిగా పాఱు నీటిదారులు, నిర్మాణమున నేర్పరులగు పనివారి సమూహము. ఇక దోషములు: కట్టనుండి నీరు చెమర్చుట, చవుడునేల, రెండు రాజ్యముల యెల్లలో నుండుట, చెఱువు నడుమ తాబేటివీపువలె మిట్ట యుండుట, నీరు కొంచెమై ఆయకట్టు విస్తారమగుట, నీరు విస్తారమై భూమి కొంచెమగుట. వీనిలో మూడవది చదివిన నేటి పాఠకుడు చిఱునవ్వు నవ్వక మానడు. కృష్ణా జలములకై రాష్ట్రములు న్యాయాధికరణముల యెదుట నిలిచిన కాలమున ఆ పంక్తి చెక్కినవాని లోకానుభవము స్పష్టమగును. కడపటి రెండును అంతకంటె లోతైనవి. నీటికిని భూమికిని గల తూకమే చెఱువు ప్రాణమను సంగతి ఆ శిల్పికి దెలియును. ఆఱువందల యేండ్ల పిదప గొట్టపుబావుల పుణ్యమున ఆ తూకమే తప్పినది.

అయినను ఈ పండ్రెండంగములలో ఊరు లేదు. రాజుతో మొదలై పనివారితో ముగియు పట్టికలో, నిర్మాణానంతరము చెఱువును గాపాడు సంఘమునకు చోటు దక్కలేదు. శాసనకర్త యెఱుగక విడిచెనని యనుకొనుట తగదు. శాసనము నిర్మాణమును గూర్చినది; కాపుదల వాడుకకు సంబంధించినది; వాడుక శిలకెక్కుట అరుదు.

తమిళదేశమున నిది శిలకెక్కినది. ఉత్తరమేరూరున చోళరాజగు మొదటి పరాంతకుని కాలమున, క్రీ.శ. 919, 921 సంవత్సరములలో చెక్కబడిన శాసనములు బ్రాహ్మణసభయొక్క ఉపసంఘముల నియమములను దెల్పుచున్నవి. ముప్పది వాడలనుండి అర్హుల పేరులు తాటియాకులపై వ్రాసి కుండలో వేసి, బాలునిచే దీయించి, సంవత్సర వారియమునకు పండ్రెండుమందిని, తోట వారియమునకు పండ్రెండుమందిని, ఏరి వారియమునకు ఆఱుగురిని నియమించుచుండిరి. ఏరి యనగా చెఱువు. లెక్క చూపనివాడును అతని బంధువులును మరల ఎన్నిక కనర్హులు. చెఱువున పూడికదీయుటకు పడవలను ఏర్పఱచి, వానికి గ్రాసముగా దానములు చేసిన సంగతి కూడ ఆ ప్రాంతపు శాసనములలో గానవచ్చును. కాని యీ సభలో నుండుటకు భూమియు, ఇల్లును, విద్యయు గావలయును. కూలివానికిని స్త్రీకిని అచట స్థానము లేదు. దీనిని ప్రజాస్వామ్యమునకు పుట్టినిల్లని పొగడువారు ఆ నియమములను ముగింపువఱకు చదువుట మేలు.

తెలుగుదేశమున ఇట్టి సభా వారియముల పద్ధతి అంత స్పష్టముగా గానరాదు. ఇచట ముఖ్యమైనది దశబంధము. చెఱువును గట్టినవానికో, తెగినదానిని బాగుచేసి కాపాడు బాధ్యత వహించినవానికో ఆయకట్టు భూమిలో గొంత భాగమును పన్ను లేకుండగనో స్వల్పమైన పన్నుతోనో ఇచ్చుట దశబంధము. విజయనగరకాలపు శాసనములలో నిది తఱచుగా వినవచ్చును. దత్తమండలములలో ఆంగ్లపాలన వచ్చునప్పటికిని దశబంధపు ఇనాములు మిగిలియుండెను. ఇది దానమును గాదు, జీతమును గాదు. చెఱువు నిండిననే యీ భూమి పండును; పండిననే కాపుదారునకు ఫలము. కట్ట పాడైనచో మొదట నష్టపోవువాడు కాపుదారుడే. దండనతో పనిలేక బాధ్యతను లాభముతో ముడివేసిన ఈ యుపాయము మన పూర్వుల వ్యవహారజ్ఞానమునకు మంచి తార్కాణము.

దశబంధదారుని క్రింద దినదినము పనిచేయువాడు నీరుగంటి. తెలంగాణమున నీరుడి యందురు. తూము దెఱచుట, మూయుట, ఏ మడికి ఎంతసేపు నీరు పాఱవలయునో చూచుట, కట్టను గాచుట వీని పని. ఆయగాండ్రలో నొకడై, కళ్ళమున పంటలో భాగమును బొందుచుండెను. కొన్నిచోట్ల నీరుగంటికి తన ఆయకట్టులో భూమి లేకుండుట మంచిదని భావింపబడెడిది; తన మడి లేనివాడే యందఱి మడులను సమముగా జూచును. నీరు చాలని యేడు, తూమునకు దగ్గఱనున్న భూములను మాత్రమే సాగుచేసి, ఆ భూమిని అందఱును దామాషాగా పంచుకొను వాడుకయు దక్షిణాపథమున గొన్ని యూళ్ళ నుండెను. చేపల గుత్తసొమ్ము, కట్టమీది చెట్ల ఫలసాయము చెఱువు బాగునకే చెందుచుండెను. వేసవిలో చెఱువు ఎండినపుడు ఒండ్రును బండ్లతో పొలములకు దోలుకొనుట రైతునకు ఎరువు, చెఱువునకు పూడికతీత. ఒక పనితో రెండు ప్రయోజనములు సిద్ధించుచుండెను.

ఇంతవఱకు చెప్పినదానినుండి ప్రాచీనగ్రామము ఒక స్వతంత్ర గణరాజ్యమనియు, అచట అందఱును సమముగా నీటిని బంచుకొని సుఖించిరనియు సిద్ధాంతీకరించుట ప్రమాదకరము. గ్రామములు చిన్న గణరాజ్యములను మాట చార్లెస్ మెట్కాఫ్ 1830లో వ్రాసిన నివేదికనుండి ప్రసిద్ధికెక్కినది. ఆయన యనుభవము ఢిల్లీ ప్రాంతపు గ్రామములది. దానిని అందఱును భారతదేశమంతటికి వర్తింపజేసిరి. 1997లో అనిల్ అగర్వాలును సునీతా నారాయణును ప్రకటించిన గ్రంథము దేశమందలి సంప్రదాయ జలవ్యవస్థల నన్నిటిని సమకూర్చి, ప్రభుత్వము కాలుపెట్టుటచేతనే అవి నశించెనను భావమును బలపఱచినది. 2003లో డేవిడ్ మాసె తమిళదేశపు చెఱువులను బరిశోధించి ప్రకటించిన గ్రంథము దీనికి గట్టి యెదురుమాట. చెఱువులు నిలిచినది గ్రామపు సమైక్యతవలన మాత్రమే కాదనియు, పాలెగార్ల యధికారము, దేవాలయ మర్యాదలు, దానములు వానిని నిలిపెననియు, కుడిమరామత్తు అనాదియైన గ్రామధర్మమను మాట చాలవఱకు ఆంగ్లాధికారులు కల్పించుకొన్నదనియు ఆయన వాదము.

ఈ రెండు వాదములలో తెలుగుదేశమునకు ఏది తగును? రెండును బూర్తిగా దగవు. దశబంధము రాజాజ్ఞచే నేర్పడినది; కావున అధికారము లేక సంఘము నిలిచెననుట సరికాదు. కాని నీరుగంటి వాడుక, దామాషా పంపకము, ఒండ్రు తోలకము రాజులు మాఱినను నిలిచినవి; కావున అంతయు ప్రభువుల కల్పనయే యనుటయు సరికాదు. ఇక మూడవ విషయము రెండు పక్షములవారును తగినంతగా బట్టించుకొనలేదు. కట్టమీద మన్ను మోసినవాడు ఆయకట్టు రైతు గాడు. పెక్కుచోట్ల ఆ మోత వెట్టియై, భూమిలేని యంటరాని కులములవారిమీద బడెను. చెఱువునీరు వారి మడికి పాఱలేదు, ఏలయన వారికి మడి లేదు. తెలంగాణమున నిజాము పాలనలో వెట్టి యెంత దుస్సహమయ్యెనో, దానికెదురుగా ఆంధ్రమహాసభ ఎట్లు పోరాడెనో సుప్రసిద్ధము. 1946 మొదలు 1951 వఱకు జరిగిన సాయుధపోరాటమునకు గల కారణములలో వెట్టియు ముఖ్యమైనది. చెఱువు నిలుచుటకు వెట్టి యొక యాధారము గూడ నయ్యెననుట చేదైనను నిజము. పాత కట్టుబాటు సడలెనని విలపించువారు, అది సడలుటచే విముక్తులైనవారిని గూడ దలచుకొనవలయును.

కంపెనీ ప్రభుత్వము ఈ చెఱువులను చేపట్టినపుడు చేసిన లెక్కలు భూమిశిస్తు లెక్కలు. మరామత్తునకు వ్యయమైనది శిస్తులో వచ్చునా యనునదే ప్రశ్న. దశబంధము శిస్తునకు తరుగుగా గనబడెను. అందుచే బాధ్యతను నెఱవేర్పని దశబంధ భూములపై పన్నువేయుటయు, కాపుదలను మరామత్తు శాఖకు మార్చుటయు గ్రమముగా జరిగెను. ఆయా గ్రామస్థులు వాడుకగా చేయు చిన్నపనులను వారే చేయవలయునని 1858లో మద్రాసు ప్రభుత్వము నిర్బంధశ్రమ శాసనమును జేసెను. కట్టకు గండి పడునను భయము కలిగినపుడు గ్రామస్థులను పిలుచుటకును, వాడుకపని మానినవారినుండి సొమ్ము రాబట్టుటకును ఇందు వీలు కలదు. ఆచారము శాసనమైన పిమ్మట ఆచారబలము దగ్గెను. శాసనము అమలు గాకుండుటచే శాసనబలమును రాలేదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసిన తరువాత ప్రభుత్వదృష్టి నదుల డెల్టాలపై నిలిచెను. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ఘోరక్షామమున మెట్టమండలములు నశించినగాని చిన్నచెఱువుల విలువ మరల జ్ఞప్తికి రాలేదు.

మూసీనది వరదను ఇచట జెప్పవలసియున్నది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన వెల్లువకు కారణము మితిమీఱిన వాన మాత్రమే గాదు. దానిని బరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి లెక్క ప్రకారము, నగరమునకు ఎగువ పరీవాహప్రాంతమున 788 చెఱువులుండగా 221 తెగినవి. గొలుసుకట్టు చెఱువులలో పైదాని యలుగునీరు క్రిందిదానికి జేరును. పైది తెగినచో క్రిందిది నిలువదు. ఒక్క యూరు తన కట్టను పట్టించుకొననిచో క్రిందనున్న పదియూళ్ళు మునుగును. కావున చెఱువు కాపుదల ఎన్నడును ఒక్క గ్రామపు సొంతపని గాదు. ఆ వరదకు ఫలముగా మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను వెలసినవి. నగరమునకు త్రాగునీరు నిచ్చిన ఈ రెండింటి కథ ముందు మరల వచ్చును.

స్వాతంత్ర్యానంతరము జమీందారీలు రద్దయి, 1948 నాటి చట్టముచే ఎస్టేటులలోని చెఱువులును ప్రభుత్వపరమయ్యెను. నూఱెకరములకు తక్కువ ఆయకట్టుగలవి పంచాయతీల క్రిందను, మించినవి నీటిపారుదల శాఖ క్రిందను జేరినవి. 1984లో మునసబు కరణముల యుద్యోగములు రద్దగుటతో గ్రామలెక్కల పాత వరుసయు ముగిసెను. వంశపారంపర్యపు పెత్తనము పోవుట మేలే. కాని శిఖము భూమి యెల్లలు ఎవరి నోట నుండెనో ఆ నోళ్ళును మూగవోయెను. ఇంతకంటె బలమైన దెబ్బ బావులవలన తగిలెను. విద్యుచ్ఛక్తి పొలములకు జేరి, గొట్టపుబావులు పెరిగి, 2004లో వ్యవసాయమునకు ఉచితవిద్యుత్తు వచ్చిన పిదప, సొంతబావి గల రైతునకు ఊరిచెఱువుతో పనిలేకపోయెను. ఆ బావిలోని యూట చెఱువునుండియే వచ్చుచున్నదను సంగతి బావి యెండిననాడు గాని తెలియలేదు.

మరల సంఘముల నేర్పఱచు ప్రయత్నము 1997లో శాసనరూపమున వచ్చెను. ఆంధ్రప్రదేశ రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టముచే పదివేలకు పైగా నీటివినియోగదారుల సంఘములు ఎన్నికలద్వారా నేర్పడినవి. దేశమున నింత పెద్దయెత్తున నిట్టి ప్రయత్నము అంతకు ముందు జరుగలేదు. ఓటు ఆయకట్టు సాగుదారులకే. చేపలు పట్టువారును, చాకలివారును, పశువులు గలవారును చెఱువునాశ్రయించి బ్రతుకుచున్నను నిర్ణయమున వారికి బలము లేదు. ఉత్తరమేరూరు సభ లోపము వేయి డెబ్బదియేండ్లకును దీరలేదన్నమాట. తరువాత ఎన్నికలు క్రమము దప్పెను. ఆంధ్రప్రదేశమున 2024 డిసెంబరులో మరల జరిగినవి. తెలంగాణ రాష్ట్రము 2015 మార్చి 12న సదాశివనగరమున మిషన్ కాకతీయను ఆరంభించి, 46,531 చెఱువులను పునరుద్ధరింప సంకల్పించెను. పూడిక మన్నును రైతులు తమ సొంతఖర్చుతో పొలములకు దోలుకొనిరి. పాతవాడుక తిరిగి వచ్చినది ఈ యొక్క యంశముననే. తక్కిన పని గుత్తదారులది. గుత్తదారుడు బిల్లు ముట్టిన పిమ్మట మరల కట్టయెక్కడు.

వీనికంటె చిన్నదైనను, చరిత్రకారుడు శ్రద్ధతో జూడదగిన ప్రయత్నము మఱియొకటి కలదు. 2003 మొదలు కొన్నియేండ్లు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, నంద్యాలకు జెందిన భారతి సమగ్ర గ్రామీణాభివృద్ధి సంఘము ముందు నడువగా, అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబునగరము, నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో ఆఱువందలకు మించిన గ్రామములందు రైతులే భూగర్భజలమును గొలుచు పద్ధతి నెలకొనెను. వానకొలత పాత్రను చూచుట, బావులలో నీటిమట్టమును గొలిచి పుస్తకమున వ్రాయుట, రబీకి ముందు ఊరంతయు గూడి ఎంత నీరున్నది, ఏ పైరుకు ఎంత గావలయును అని లెక్కగట్టుట, ఆ లెక్కను గోడమీద వ్రాయుట ఇందలి పని. స్త్రీలును కొలతలు వ్రాసిరి. ఏ పైరు వేయవలయునని యెవరును శాసింపలేదు. లెక్క చూచినవాడు తనకు దానే వరిని మాని తక్కువ నీటి పైరు నెన్నుకొనునని నమ్మిరి, పెక్కుచోట్ల నట్లే జరిగెను. నీరు చాలక ఆయకట్టు విస్తారమగుట దోషమని పోరుమామిళ్ళ శిల చెప్పినదానినే ఈ గోడలు మరల చెప్పినవి. భేదమేమనగా, శిలమీది మాట సంస్కృతము; గోడమీది మాట ఊరివారిది.

నగరములందు కథ వేఱు. అచట ఆయకట్టు లేదు, నీరుగంటి లేడు. చెఱువును గాపాడవలసినవారికి దానితో పంటసంబంధము లేదు. వారి యాయుధము న్యాయస్థానము. హైదరాబాదు జంటజలాశయములకు పది కిలోమీటర్ల లోపల 84 గ్రామములలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించుచు 1996 మార్చి 8న 111వ సంఖ్యగల ఉత్తరువు వెలువడెను. ఆ యెల్లలోనే ఒక కర్మాగారమునకు మినహాయింపు నీయగా, పర్యావరణ జీవననాణ్యతా పరిరక్షణకై యేర్పడిన యొక పౌరసంఘమును కాలుష్యనియంత్రణ మండలియు వ్యాజ్యమున నిలిచినవి. సుప్రీముకోర్టు 1999లోను 2000లోను ఇచ్చిన తీర్పులలో, హాని కలుగదని ఋజువు చేయు భారము పరిశ్రమ స్థాపించువానిదే యనియు, త్రాగునీటి విషయమున ప్రభుత్వమైనను మినహాయింపు నీయజాలదనియు నిర్ణయించెను. ఆ ఉత్తరువు ఆంక్షలను 2022 ఏప్రిలులో 69వ సంఖ్యగల మఱియొక ఉత్తరువు తొలగించెను. న్యాయస్థానమున గెలిచినది ప్రభుత్వపు కాగితముచే నోడవచ్చుననుటకు నిది యుదాహరణము.

తిరుపతి చెఱువుల వ్యాజ్యము అంతకంటె ముఖ్యమైనది. తిరుపతి పరిసరములందలి అవిలాల, పేరూరు చెఱువులు ప్రాచీనములు. 1991, 1994 సంవత్సరముల ఉత్తరువులచే వాని గర్భభూములు ఇండ్లకట్టడములకై యీయబడెను. ఇంటలెక్చువల్స్ ఫోరమను స్థానిక పౌరసంఘము దీని నెదిరించినది. చెఱువులు ఎండినవి, వాడుకలో లేవు, ఆయకట్టు నగరమున గలిసినది యని ప్రతివాదులు చెప్పిరి. నీరు రాకపోవుటకు కారణము వాగుల దారులను మూసివేయుటయేగాని చెఱువు ప్రయోజనము దీరుట గాదని, అడుగున భూగర్భజలము నింపు పని నడచుచునే యున్నదని సంఘము వాదించెను. ఉన్నతన్యాయస్థానమున నోడి, సుప్రీముకోర్టున 2006 ఫిబ్రవరి 23న తీర్పు బొందిరి. చెఱువు మొదలగు సహజసంపదలకు ప్రభుత్వము ధర్మకర్తయే గాని యజమాని గాదనియు, భావితరములకు గూడ వానిపై హక్కు గలదనియు ఆ తీర్పు సారము. రాజ్యాంగమునందలి 48-ఎ, 51-ఎ అధికరణములు ఇందు ఆధారములు. అయితే ఇండ్లు కొంతవఱకు కట్టబడియుండుటచే న్యాయస్థానము వానిని గూల్చుమనలేదు. ఇక క్రొత్త కట్టడములు వలదనియు, కట్టినయిండ్లన్నిటిపైనను వాననీటిని బట్టి భూమిలోని కింకించు నేర్పాటు చేయవలయుననియు, నీరు వచ్చు దారులను బాగుచేయవలయుననియు ఆజ్ఞాపించెను. సంఘము గెలిచెనా, ఓడెనా? చెఱువులో గొంత పోయినది. కాని ధర్మకర్తృత్వ సూత్రము చెఱువుల విషయమున దేశమంతటికి ప్రమాణమైనది. తరువాత అనేక రాష్ట్రముల వ్యాజ్యములలో ఈ తీర్పే యుదాహరింపబడుచున్నది. సప్తసంతానములలో నొకటియను భావనకును, భావితరముల హక్కను భావనకును దూరము తక్కువ.

న్యాయస్థానమునకు మాత్రమే పోక ప్రజలు బీడునేలలో నిలిచిన యుదంతము శ్రీకాకుళము జిల్లా సోంపేటది. బీలయని పిలువబడు నీటిపట్టు నేల చుట్టుపట్ల గ్రామముల కృషికిని, పశువులకును, చేపలకును ఆధారము. పొగబొగ్గు విద్యుత్కేంద్రమునకు ఆ భూమిని బంజరుగా జూపి కేటాయించిరి. చూపినవారి కాగితమున నీరు లేదు. గ్రామస్థుల కంటికి నీరే గలదు. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పులలో గ్రామస్థులు ప్రాణములు గోల్పోయిరి. ఆనాడే జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికారము ఆ కేంద్రమునకు ఇచ్చిన యనుమతిని రద్దు చేసెను. ఒక్కదినమున రెండును జరుగుట తలచినవారికి, ఆ యుత్తరువు ఒక్కవారము ముందు వచ్చిన నెంత బాగుండెడిదియను తలపు రాకమానదు.

వాతావరణమున కలిగిన మార్పు ఈ ప్రాతచరిత్రకు క్రొత్త యర్థము గల్పించినది. గాలి ఒక్క డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కినచో దానియందు నిలువగల నీటియావిరి సుమారు 7 శాతము పెరుగును. కావున వానలు పడు దినములు తగ్గి, పడినపుడు కుండపోతగా బడుట యెక్కువగును. చెఱువు ఈ రెండిటికిని విఱుగుడు. అతివృష్టిని పట్టి నిలిపి, అనావృష్టికి దాచియుంచును. పూడినదియు, కట్ట బలహీనమైనదియు నైనచో నదియే యాపదకు మూలమగును. 2020 అక్టోబరున హైదరాబాదున కురిసిన వానలో, పాతచెఱువుల దారులలో గట్టిన వాడలు నీటమునిగెను. బాలాపురపు గుఱ్ఱంచెఱువు కట్ట తెగెను. 2021 నవంబరు 19న కడప మండలమున చెయ్యేటిపై గల అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకొనిపోయెను. పోరుమామిళ్ళ శాసనమున్న మండలముననే యిది జరుగుట గమనింపదగినది. 2024 సెప్టెంబరు మొదటనే బుడమేరు పొంగి విజయవాడను ముంచెను. 1908 నాటి వరదను గూర్చి విశ్వేశ్వరయ్యగారు వేసిన లెక్కవంటిది, ఏ చెఱువు ఏల తెగెను, దానిపై ఏ సంఘపు కాపుదల యుండెను అను లెక్క, ఈ వరదలలో ప్రతిదానికిని వేయబడవలసియున్నది.

అట్టి లెక్కకు పాతయాధారములు తక్కువేమియు గావు. కర్నలు కాలిన్ మెకంజీకొఱకు కావలి సోదరులును వారి సహాయులును సేకరించిన కైఫీయతులలో చెఱువులు, కాలువలు, దశబంధములు, గ్రామమర్యాదలు ఊరూర వర్ణింపబడియున్నవి. కడప జిల్లా కైఫీయతులను కడపలోని బ్రౌన్ భాషాపరిశోధనకేంద్రము ముద్రించినది. ఇనాం కమిషను రిజిస్టరులలో దశబంధపు భూముల సర్వే సంఖ్యలు గలవు. భూగర్భజలమును గొలిచిన రైతుల పుస్తకములును, 1997 తరువాతి సంఘముల తీర్మానపుస్తకములును వీనితో సరిపోల్చినచో, ఒక్కొక్క చెఱువునకు రెండువందల యేండ్ల కాపుదల చరిత్రము వ్రాయవీలగును. ముద్రితమైన కైఫీయతులు సులభముగా లభించుచున్నవి. తీర్మానపుస్తకములు మాత్రము గ్రామములలో అధ్యక్షుల యిండ్లనే యున్నవి. అధ్యక్షులు మాఱినపుడెల్ల కొన్ని పోవుచున్నవి.